17 నెలల మాలినోయిస్‌ను ఇప్పుడే అమ్మాలా, టైటిల్ వచ్చేదాకా ఆగాలా?

మీరు అడిగింది ఇదీ. ఎనిమిది వారాల పిల్లగా తెచ్చుకున్న మాలినోయిస్ (బెల్జియన్ షెపర్డ్ రకం) మగకుక్కకు ఇప్పుడు 17 నెలలు. విధేయత, నడవడిక చూసే తొలి పరీక్ష బీహెచ్ పాసయింది. క్లబ్బులో స్లీవ్‌ను (కాటు నేర్పడానికి చేతికి తొడిగే మందపాటి తొడుగు) నిండు నోటితో పడుతోంది, బంతి అంటే ప్రాణం. పోలీసు శాఖలకు కుక్కల్ని సరఫరా చేసే వెండర్ ఒకాయన చూసి, ఇప్పుడే ఇచ్చేయమంటున్నాడు. మీ కోచ్ గారేమో ఐజీపీ 3 టైటిల్ (ఐజీపీ అనే కుక్కల క్రీడలో మూడో స్థాయి) చేయించాక అమ్మితే రెట్టింపు వస్తుంది, ఆగమంటున్నారు. ఎవరి మాట వినాలో తేలడం లేదన్నారు.

వాళ్లిద్దరిలో ఎవరూ మిమ్మల్ని తప్పుదారి పట్టించడం లేదు. వెండర్ పోలీసు శాఖను మనసులో పెట్టుకుని మాట్లాడుతున్నాడు, కోచ్ గారు పోటీల్లో దిగే మనిషిని మనసులో పెట్టుకుని మాట్లాడుతున్నారు. ఈ ఇద్దరికీ కావలసిన కుక్క వేరు, కావలసిన వయసూ వేరు. కాబట్టి ఎప్పుడు అమ్మాలి అనేదానికంటే ముందు ఎవరికి అమ్మాలి అనేది తేల్చుకోండి. అది తేలితే వయసు దానంతటదే తేలుతుంది. చాలామంది ఈ వరుసను తిప్పేస్తారు. నేర్పుకుంటూ నేర్పుకుంటూ పోయి, నాలుగేళ్లు దగ్గరపడ్డాక కొనేవాళ్ల కోసం వెతుకుతారు. అప్పటికి అది పోలీసులకు ముదిరిపోయి ఉంటుంది, పెద్ద పోటీలకు సరిపడా మెరుగు ఉండదు. రెంటికీ చెడ్డ రేవడి అవుతుంది. ఈ పనిలో నేను చూసిన నష్టాల్లో తొందరపడి అమ్మినవాళ్లవి తక్కువ. ఇంకొక్క మెట్టు ఎక్కించి అమ్ముదామని ఆగినవాళ్లవే ఎక్కువ.

పోలీసుల లెక్క ఎలా ఉంటుందో చూడండి. కొన్న కుక్కను ఒక హ్యాండ్లర్‌తో, అంటే దాన్ని నడిపించే పోలీసుతో, జత కలపాలి, ఇద్దరికీ కలిపి కోర్సు పెట్టాలి, సర్టిఫికేషన్ చేయించాలి. దానికే కొన్ని నెలలు పోతాయి. ఆ తర్వాత ఎనిమిది, తొమ్మిదేళ్ల వయసు దాకా పనిచేస్తేనే పెట్టిన డబ్బుకు న్యాయం జరిగినట్టు. రెండేళ్ల లోపు కుక్కయితే ఆరేడేళ్ల సర్వీసు దక్కుతుంది. నాలుగేళ్ల కుక్కయితే నాలుగేళ్లు మిగిలితే గొప్ప. అందుకే ఏడాది నిండి, మూడేళ్లు దాటని కుక్కలే కావాలని కొనుగోలు షరతుల్లో రాయడం మామూలు. అందులోనూ చాలామంది 14 నుంచి 24 నెలల మధ్య ఉన్నదాన్నే ఇష్టపడతారు. పైగా వాళ్లకు పూర్తి శిక్షణ పొందిన కుక్క అక్కర్లేదు. తమ పద్ధతిలో, తమ ఆదేశాలతో నేర్పుకుంటారు. పుట్టుకతో రావలసిన గుణాలు గట్టిగా ఉండి, పెంపకంలో చెడకుండా ఉంటే చాలు. గ్రీన్ డాగ్ అని వాళ్లు అడిగేది దీన్నే.

మరీ ముందు అమ్మడమూ మంచిది కాదు. ఏడాది లోపు పిల్లకు ఎముకల ఎదుగుదల పూర్తికాదు, ఎక్స్‌రే చెప్పేది సగమే. దానికి తోడు ఆరో నెల తర్వాత, 14 నెలల లోపు ఎప్పుడో ఒకప్పుడు రెండో భయం దశ వస్తుంది. నిన్నటిదాకా పట్టించుకోని చెత్తడబ్బాను చూసి ఉన్నట్టుండి మొరుగుతుంది, వెనక్కి తగ్గుతుంది. ఆ దశలో కొత్త మనిషి చేతికి, కొత్త కెన్నెల్‌కు పంపిస్తే ఆ బెదురు దానిలో పాతుకుపోవచ్చు. మీ వాడు ఆ దశ దాటే ఉంటాడు. జర్మన్ షెపర్డ్ అయితే ఇంకొంచెం ఆగమనేవాణ్ణి, వాటికి మనసు స్థిరపడటానికి రెండు, రెండున్నరేళ్లు కూడా పడుతుంది. మాలినోయిస్ అంతకంటే ముందే తేలిపోతుంది.

ఇక కొనడానికి వచ్చినవాడు ఏం చూస్తాడో తెలిస్తే, మీ కుక్క సిద్ధంగా ఉందో లేదో మీరే చెప్పగలరు. మొదట చూసేది వేట గుణం. మిమ్మల్ని కుక్కను పట్టుకుని నిలబడమని, ఆయన బంతిని మోకాలెత్తు గడ్డిలోకి విసురుతాడు. వెంటనే వదలనివ్వడు. బంతి పడ్డ చోటు కంటికి గుర్తు లేకుండా కుక్కను రెండు చుట్లు తిప్పమంటాడు. అప్పుడు వదలమని, గడియారం చూస్తూ నిలబడతాడు. కాసేపు తిరిగి, తలెత్తి మీ మొహం వైపు చూసిందంటే అక్కడే ఆయన మనసులో ఒక గీత పడుతుంది. ముక్కు దించి, గాలి వాటం పట్టుకుని, దొరక్కపోయినా అదే జాగాను మళ్లీ మళ్లీ జల్లెడ పట్టే కుక్క కావాలి ఆయనకు. ఒక్కోసారి గడ్డిలో బంతి ఉండనే ఉండదు. విసిరినట్టు చెయ్యి ఊపి జేబులో వేసుకుంటాడు, ఆశ లేని చోట కూడా ఎంతసేపు పట్టువదలకుండా వెతుకుతుందో చూడటానికి. పోటీల్లో ఎన్ని మార్కులు వచ్చినా ఈ ఒక్క పరీక్షలో చల్లబడిపోయే కుక్కల్ని చాలా చూశాను. బంతిని చూస్తే పిచ్చెత్తిపోవడం, కనపడని బంతిని వెతకడం రెండూ ఒకటి కావు. మొదటిది మీ వాడిలో ఉందని రాశారు. రెండోది ఉందో లేదో ఈ వారమే చూడండి.

తర్వాత తెలియని చోట్లు. నున్నటి నేల, కింద ఖాళీ కనిపించే ఇనుప జాలీ మెట్లు, చీకటి గది, ఇరుకు సందు, లిఫ్టు, కదులుతున్న వాహనం, వెనక దబ్బున పడే రేకు, తుపాకీ చప్పుడు. కుక్క ఉలిక్కిపడితే తప్పేం కాదు, ఎంత త్వరగా తేరుకుని మళ్లీ పనిలో పడుతుందనేది ముఖ్యం. ఒక్క క్షణం ఆగి, చెవులు రిక్కించి, వెంటనే బంతి కోసం మెట్లెక్కిన కుక్క పాస్. తోక కాళ్ల మధ్య పెట్టుకుని, పిలిచినా రాకుండా గోడకు అతుక్కుపోయినది ఫెయిల్. దీన్ని వారంలో నేర్పించి దాటించలేరు. చిన్నప్పుడే చూపించి ఉండాలి, అసలు గుండె నిబ్బరం రక్తంలోనే ఉండాలి.

మూడోది కరవడం. క్లబ్బులో చూసింది ఇక్కడ సగమే పనికొస్తుంది. మీ మైదానం, మీకు అలవాటైన హెల్పర్ (స్లీవ్ తొడుక్కుని కాటు చేయించే మనిషి), ఎక్కువగా ఎడమ చేతికే తొడిగే స్లీవ్, ఈ మూడూ తీసేసి చూడండి. మీ వాడు ఎప్పుడూ చూడని మనిషి, మామూలు బట్టల్లో, చేతిలో ఏమీ లేకుండా, ఒక గది మూలలో నిలబడి సూటిగా కళ్లలోకి చూస్తే ఏం చేస్తాడు? స్లీవ్ కోసం వెతుకుతాడా, మనిషి మీదికి పోతాడా? బట్టల కింద దాచిన స్లీవ్‌ను పడతాడా? మజిల్ (మూతి తొడుగు) కట్టి వదిలితే మూతితో గుద్దుతాడా, ఎలా కరవాలో తెలియక మీ దగ్గరికి తిరిగొచ్చేస్తాడా? ఇంకో చిన్న పరీక్ష ఉంది, దీనికి పరికరాలేమీ అక్కర్లేదు. ఇప్పుడు చేయించే కాటులోనే హెల్పర్‌ను స్లీవ్ జారవిడవమనండి. కుక్క దాన్ని నోట కరుచుకుని, తోక ఊపుకుంటూ మైదానమంతా ఊరేగితే అది ఆట నేర్చిన కుక్క. స్లీవ్ వదిలేసి మళ్లీ మనిషి మీదికి తిరిగితే పోలీసు కొనుగోలుదారు అక్కడే బేరం మొదలుపెడతాడు. మొదటి రకాన్ని రెండో రకంగా మార్చడం మంచి డికాయ్ (దుండగుడిలా నటించి కాటు నేర్పే మనిషి) చేతిలో చాలావరకు సాధ్యమే. కానీ 17 నెలలప్పుడు ఉన్నంత సులువు మూడేళ్లప్పుడు ఉండదు. ఆ అలవాటు మీద వేసే ప్రతి నెలా దాన్ని గట్టిపరుస్తుంది.

కోచ్ గారి సలహాలో నాకు నచ్చని చోటు సరిగ్గా ఇదే. ఐజీపీ నిబంధనల్లో మొదటి స్థాయికి కనీస వయసు 18 నెలలు, రెండో దానికి 19, మూడో దానికి 20. కాగితం మీద చూస్తే ఇంకో మూడు నెలల్లో అయిపోయేలా ఉంది. నిజానికి ట్రాకింగ్ (అడుగుజాడను వాసన పట్టడం), విధేయత, రక్షణ మూడింట్లోనూ నూటికి 70 దాటితే చాలనుకున్నా మూడో స్థాయికి చేరేసరికి చాలా కుక్కలకు రెండున్నర దాటుతుంది, మూడున్నర కూడా అవుతుంది. అన్నాళ్లూ ఏం నేర్పుతారు? మీ మొహంలోకి చూస్తూ ఎడమ కాలికి అతుక్కుని నడవడం. ఆరు గుడారాలను ఒకే వరుసలో చుట్టి రావడం, చివరి గుడారంలో మనిషి ఉంటాడని తెలిసి పరిగెత్తడం. అడుగులో అడుగుగా, ముక్కు నేలకు దించి మెల్లగా సాగే ట్రాకింగ్. ఇవన్నీ చేయడానికి కష్టమైనవే, చూడటానికి ముచ్చటైనవే, నాకు ప్రాణమైన పని ఇది. కానీ వీధిలో హ్యాండ్లర్‌కు తన మొహంలోకి చూసే కుక్క వద్దు, ఎదుటి సందులోకి చూసే కుక్క కావాలి. మనిషి ఎక్కడున్నాడో ముందే తెలిసిన వెతుకులాట ఆయనకు పనికిరాదు. మీరు కష్టపడి నేర్పిన దానిలో కొంత భాగాన్ని వాళ్లు మళ్లీ కష్టపడి మరిపించాలి. దానికి మీకు ఎక్కువ డబ్బు ఎందుకిస్తారు?

టైటిల్ చేయించాకే అమ్మాలనే మాట పూర్తిగా పుక్కిటి పురాణం కాదు. నెదర్లాండ్స్‌లో అది నిజమే. అక్కడ 1907లో మొదలైన కేఎన్‌పీవీ అనే పోలీసు కుక్కల సంఘం కార్యక్రమమే పోలీసు పనిని దృష్టిలో పెట్టుకుని తయారైంది. ఒళ్లంతా కప్పే బైట్ సూట్ మీద దూరం నుంచి కాటు, కర్రతో ఎదిరించినా తట్టుకోవడం, పెద్ద జాగాలో వస్తువులను, మనుషులను వెతకడం, నీళ్లలో ఈదడం, వస్తువుకు కాపలా, ఇవన్నీ అందులో ఉంటాయి. వారాంతాల్లో సరదాగా శిక్షణ ఇచ్చేవాళ్లు ఆ సంఘం ఇచ్చే పీహెచ్ 1 అనే సర్టిఫికెట్ చేయించి అమ్మేస్తారు, లేదా దానికి కాస్త ముందే అమ్మేస్తారు. కొత్త పిల్లతో మళ్లీ మొదలుపెడతారు. అలాంటి కుక్క రెండున్నర, మూడేళ్లదైనా పోలీసులు కళ్లకద్దుకుంటారు, ఎందుకంటే నేర్చినదంతా వాళ్ల పనికే వస్తుంది. వంశపత్రం లేని సంకర జాతి మాలినోయిస్‌లు కూడా అక్కడ బాగా అమ్ముడుపోతాయి. అంటే టైటిల్ విలువ, దానిలో ఏం నేర్పారనే దాని మీద ఆధారపడి ఉంటుంది. మీ క్లబ్బు ఐజీపీ క్లబ్బు కాబట్టి ఆ లెక్కను ఇక్కడికి తేకండి.

పోటీలకు కొనేవాళ్ల సంగతి వేరు. వాళ్లకు టైటిల్ కావాలి, అంతకంటే ముఖ్యంగా మార్కులు కావాలి. తాము రెండేళ్లు ఆదా చేసుకుందామని కొంటారు. వాళ్లకు అమ్మాలంటే రెండున్నర నుంచి నాలుగేళ్లు సరైన వయసు. మరీ ఐదేళ్లకు పోతే పోటీ జీవితం రెండు మూడు సీజన్లే మిగులుతుంది. పైగా అత్తెసరుగా పాసైన ఐజీపీ 3 కుక్కకు గిరాకీ తక్కువ. మూడు వందలకు 270 దాటాలి, దుమికేటప్పుడు తడబడకూడదు, విడువు అన్న మాటకు ఒకే పిలుపుతో వదలాలి. మీ వాడు ఆ స్థాయికి వెళ్తాడా అన్నది మీ కోచ్ గారిని సూటిగా అడగండి: "పాసవుతాడా అని కాదు సార్, 280 కొడతాడా?" ఆయన వెంటనే అవునంటే ఆగడానికి ఒక కారణం ఉన్నట్టు. ఆలోచించి, చూద్దాం అంటే లేనట్టే. కోచ్‌లకు తమ క్లబ్బులో మంచి కుక్క ఉండాలని ఉంటుంది, అది సహజం. ఆ కోరిక మీ నిర్ణయాన్ని నడిపించకూడదు.

ఎక్స్‌రే విషయానికి వస్తాను, ఇది లేకుండా ఎవరితోనూ ధర మాట్లాడకండి. తుంటి, మోచేతులు, నడుము దిగువ భాగం, ఈ మూడూ తీయించండి. అంతర్జాతీయ కుక్కల సమాఖ్య ఎఫ్‌సీఐ పద్ధతిలో తుంటికి అధికారిక గ్రేడు ఏడాది నిండాక ఇస్తారు, A నుంచి E వరకు. అమెరికాలో కుక్కల ఎముకల ఎక్స్‌రేలు పరిశీలించే ఓఎఫ్ఏ సంస్థ తుది సర్టిఫికెట్‌కు 24 నెలలు నిండాలి, అంతకు ముందుది ప్రాథమిక అంచనా మాత్రమే. అందరూ తుంటి దగ్గరే ఆగిపోతారు. కానీ నడుము చివర వెన్నుపూస, కటి కలిసే చోట ఏదైనా తేడా ఉంటే అది తర్వాత నరాలను నొక్కుతుంది. ఎత్తుకు దూకలేకపోవడం, వెనక కాళ్లు ఈడ్చడం అక్కడి నుంచే మొదలవుతాయి. జర్మన్ షెపర్డ్‌లలో ఇది ఎక్కువ. దంతాలు కూడా చూపించండి. కెన్నెల్ ఊచలు కొరికే అలవాటున్న కుక్కలకు కోరపళ్ల వెనక భాగం అరిగిపోయి, ఒకరోజు గట్టి కాటులో విరిగిపోతుంది. కొనేవాడి వెటర్నరీ డాక్టర్ మొదట పెదవి ఎత్తి చూసేది అదే. ఎక్స్‌రేలు బాగుంటే ఆ ఫిల్ములే మీ బేరానికి బలం. బాగోకపోతే ఆ సంగతి ఇప్పుడే తెలియడం మేలు, ఇంకో ఏడాది శిక్షణ పోసి అప్పుడు తెలుసుకోవడం కంటే.

ఆగడంలో ఇంకో ఖర్చు ఉంది, దాన్ని ఎవరూ పుస్తకంలో రాసుకోరు. మాలినోయిస్ తన ఒంటిని కాపాడుకోదు. దూరం నుంచి పూర్తి వేగంతో వచ్చే కాటులో హెల్పర్ ఒక్క అడుగు తప్పు వేసి, కుక్క ఊపును తనతో పాటు తిప్పి తగ్గించకపోతే మెడ, భుజం మీద దెబ్బ పడుతుంది. మోకాలి లిగమెంట్ తెగితే ఆపరేషన్ తర్వాత పరిగెడుతుందేమో కానీ పోలీసు మెడికల్‌లో నిలవదు. ఎగిరి దూకే ప్రతి శిక్షణలోనూ ఈ అపాయం కొంత ఉంటుంది. మీరు ఆగే ఏడాదికి తిండి, క్లబ్బు ఫీజు, ప్రయాణాలతో పాటు దీన్నీ కలిపి చూడండి. కోచ్ గారు చెప్పిన రెట్టింపు ధర అప్పుడు అంత రెట్టింపుగా కనిపించదు. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్న మాట ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

మీ వెండర్ వాసన పని గురించి కూడా అడిగాడని రాశారు, డ్రగ్స్ వాసన నేర్పి ఇస్తే ఎక్కువిస్తానన్నాడని. నా సలహా, నేర్పకండి. నియంత్రిత పదార్థాలు చట్టబద్ధంగా మీ చేతికి రావు, అనుకరణ వాసనలతో నేర్పితే ఆ పునాది మీద కొనేవాడికి నమ్మకం ఉండదు. ఒకసారి డ్రగ్స్ నేర్పిన కుక్కను పేలుడు పదార్థాలకు వాడరు. వాసన దొరికిందని అది కూర్చుని చూపించినప్పుడు లోపల ఉన్నది గంజాయా, బాంబా అనేది హ్యాండ్లర్‌కు తెలియాలి కదా. ఏ వాసన నేర్పాలన్నది కూడా కొనేవాడి చట్టాన్ని బట్టి మారుతుంది. కొలరాడోలో గంజాయి చట్టబద్ధమయ్యాక 2019లో అక్కడి సుప్రీంకోర్టు, గంజాయి వాసనకు కూడా స్పందించే కుక్కతో వాహనాన్ని వాసన చూపించడమే సోదా కిందికి వస్తుంది, దానికి ముందే తగిన కారణం ఉండాలని తీర్పిచ్చింది. ఏ వాసనకు కూర్చుందో చెప్పడం కుక్కకు చేతకాదు కాబట్టి, గంజాయి నేర్చిన కుక్కలు అలాంటి చోట్ల హ్యాండ్లర్లకు తలనొప్పి అయ్యాయి. నేర్పిన వాసనను చెరిపేయడాన్ని ఎవరూ నమ్మరు. ఏ వాసనా ముద్రపడని, వేట గుణం బలంగా ఉన్న కుక్కకు తలుపులన్నీ తెరిచే ఉంటాయి.

వాసన సంగతి ఎలా ఉన్నా, శిక్షణ డైరీ మాత్రం ఈ రోజు నుంచే రాయండి, రాయకుండా ఉంటే. తేదీ, చోటు, ఏం చేయించారు, ఎవరు డికాయ్, ఎలా చేసింది, ఎక్కడ తడబడింది. తడబడిన రోజులు దాచకండి. అమెరికా సుప్రీంకోర్టు 2013లో ఫ్లోరిడా వర్సెస్ హారిస్ కేసులో కుక్క నమ్మదగినదా అనేదానికి శిక్షణ, సర్టిఫికేషన్ రికార్డులను ఆధారంగా తీసుకుంది. ఆ తరహా ప్రశ్నలు కోర్టులో ఎదుర్కొనే హ్యాండ్లర్‌కు, మొదటి రోజు నుంచీ ఉన్న డైరీ ఎంత ఊరటో ఊహించుకోండి. కొనేవాడి కంటికి మీరు ఎలాంటి మనిషో కూడా ఆ డైరీయే చెబుతుంది.

ఇంకో మాట, మీ వాడు మీకు ఎంత అతుక్కుపోయాడనేది. ఇద్దరి మధ్య ప్రేమ ఉండటం వేరు, మీరు లేకపోతే పనే చేయకపోవడం వేరు. క్లబ్బులో మీరు నమ్మే ఇంకొకరికి పట్టీ ఇవ్వండి. మీరు కనపడకుండా పక్కకు వెళ్లిపోండి. ఆయన బంతితో ఆడించి, వేట చేయించి, ఒక కాటు చేయించి చూడాలి. మొదట మీకోసం ఒకటి రెండు నిమిషాలు దిక్కులు చూసి, తర్వాత పనిలో పడిపోయాడంటే బాగున్నాడు. గేటు వైపే చూస్తూ ఏడుస్తూ ఉంటే కొనేవాడి ముందు కూడా అదే చేస్తాడు. అప్పుడు వారానికి ఒకటి రెండుసార్లు వేరేవాళ్ల చేతికి ఇచ్చి అలవాటు చేయండి, కొన్ని వారాల్లో తేడా కనిపిస్తుంది. ఇంకా ముఖ్యమైనది, కొత్త మనిషి కాలర్ పట్టుకుని నిలబెడితే పళ్లు చూపించే కుక్కను అలా ఉండగా అమ్మకండి. దాని మొదటి కాటు కొత్త హ్యాండ్లర్ చేతి మీదే పడుతుంది.

నేను ఎవరికి అమ్మనో కూడా చెప్పాలి, ఎందుకంటే మీ కుక్క గురించి తెలిస్తే మిమ్మల్ని అడగడానికి ఇలాంటివాళ్లే ముందు వస్తారు. ఇంట్లో చిన్నపిల్లలున్నారు, కాపలాకు కావాలి, కరవడం నేర్చిందే కావాలి, డబ్బుకు వెనకాడం అంటారు. అంతకు ముందు పని కుక్కను పెంచిన అనుభవం ఉండదు, రోజుకు రెండు పూటలా పని చేయించే తీరిక ఉండదు. చాలాసార్లు వాళ్లే వెండర్‌కంటే ఎక్కువిస్తామంటారు. వద్దు. పని లేని మాలినోయిస్ ఎవరిని ఎప్పుడు కరుస్తుందో దానికే తెలియదు, తర్వాత దాని గతి ఏమవుతుందో మనందరికీ తెలుసు. దాన్ని కరవడం నేర్పినవాళ్లం మనం. అది ఎవరి చేతిలో ఉంటుందనేది మన బాధ్యత.

మీరు ఆగాల్సిన పరిస్థితులూ ఉన్నాయి. మీరే పోటీల్లో దిగాలని మనసులో ఉంటే, ఈ వాడు మీరు ఎప్పటినుంచో ఎదురుచూసిన కుక్క అయితే, అమ్మకండి. ఇందులో లెక్కలేమీ అవసరం లేదు. డబ్బు అవసరం లేకుండా, మనసు ఒప్పకుండా, ఎవరో అడిగారని అమ్మినవాళ్లు తర్వాత అలాంటి కుక్క కోసం ఏళ్లు వెతుకుతారు. కానీ మీ ఉత్తరంలో నాకు కనిపించింది వేరు. ఇంట్లో ఇంకో కుక్కపిల్ల పెరుగుతోందన్నారు, రెంటికీ సమయం సరిపోవడం లేదన్నారు. వీడికి ఇప్పుడు కావలసినవి కొత్త చోట్లు, కొత్త డికాయ్‌లు, రోజూ పని. మీరు ఇవ్వగలిగేది వారానికి రెండు క్లబ్బు సాయంత్రాలు. అది వాడి వయసుకు చాలదు.

కాబట్టి నేనైతే ఇలా చేస్తాను. ఈ నెలలోనే ఎక్స్‌రేలు తీయిస్తాను. గడ్డిలో బంతి పరీక్ష, మెట్లు, చీకటి గది, తెలియని డికాయ్‌తో దాచిన స్లీవ్, ఈ నాలుగూ మీ క్లబ్బు బయట, కొత్త చోట చేయించి వీడియో తీస్తాను. తడబడ్డ భాగం కత్తిరించను. వేట, గుండె నిబ్బరం రెండూ బాగుంటే వెండర్‌తో కూర్చుంటాను, 20 నెలలు నిండేలోపు బేరం ముగిస్తాను. వేట బాగుండి మనిషి మీద కాటు మెత్తగా ఉంటే ఒక్క వాసన పనికే తీసుకునే విభాగాలు, శిథిలాల్లో మనుషుల్ని వెతికే రక్షణ బృందాలు ఉన్నాయి, వాళ్లను అడుగుతాను. తెలియని చోట్ల బెదిరి, స్లీవ్ మీద మాత్రం అద్భుతంగా ఉంటే అది క్రీడా కుక్క, అప్పుడు కోచ్ గారి మాటే సరి. ఇంకో ఏడాదిన్నర పెట్టి టైటిళ్లు చేయించడం దారి.

వెండర్‌తో మాట్లాడేటప్పుడు రెండు విషయాలు అడగండి. కుక్క ఏ శాఖకు వెళుతుంది, వాళ్ల కోర్సు ఎప్పుడు మొదలవుతుంది? శాఖలు బడ్జెట్‌ను బట్టి, కోర్సు తేదీలను బట్టి కొంటాయి. కోర్సు ఆర్నెల్ల దూరంలో ఉంటే మీ వాడు ఆర్నెల్లూ వెండర్ కెన్నెల్‌లో ఊచల వెనక ఉంటాడు. అలాగైతే కోర్సుకు కాస్త ముందు అప్పగిస్తానని అడ్వాన్సు తీసుకుని మీ దగ్గరే ఉంచుకోండి. ఒప్పందం కాగితం మీద ఉండాలి. రెండు వారాల పరిశీలన గడువు, ఆ గడువులో కాలు విరిగితే ఎవరి బాధ్యత, పుట్టుకతో వచ్చే జబ్బు బయటపడితే ఏం చేయాలి, ఎంపికలో ఫెయిలయితే కుక్కను ముందు మీకే తిరిగి ఇవ్వాలన్న షరతు, ఇవన్నీ రాయించండి. చివరి షరతుకు ఒప్పుకోని వెండర్‌కు నేను కుక్కను ఇవ్వను.

అప్పగించే రోజు మీరు వాడే ఆదేశాలన్నీ ఒక కాగితం మీద రాసి ఇవ్వండి, పలికే తీరుతో సహా రికార్డు చేసి ఇవ్వండి. తినే మేత రెండు వారాలకు సరిపడా, నలిగిన పాత బంతి, వాడి క్రేట్‌లోని గుడ్డ కూడా పంపించండి. హ్యాండ్లర్‌తో కలిసి ఒక పూట పని చేయించండి. ఎక్స్‌రే రిపోర్టు వచ్చాక ఆ ఫిల్ములు, గడ్డిలో బంతి వీడియో నాకు చూపించండి, వేట గురించి ఇంకా కచ్చితంగా చెబుతాను.